ఎడమచేతి గుర్రప్పిల్ల

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు నేర్చుకున్నది నా భర్త పోయిన తర్వాత, యాభై దాటినాక. ఒత్తులు, దీర్ఘాలు అక్కడక్కడ తప్పితే మీరే సరిచేసుకొని చదవండి. ఒక్కో మాట కూడబలుక్కుంటూ రాసేదాన్ని కాబట్టి ఈ చిన్న కథకే చాలా రోజులు పట్టింది. ఆ ఆలస్యాన్ని కూడా మన్నించండి.

ఆ శుక్రవారం పొద్దున దేవన్నకు నిద్ర లేచే పని లేకుండా పోయింది, ఎందుకంటే అతను నిద్రపోతే కదా. మంచం మీద అటూ ఇటూ దొర్లి, తెల్లారీ తెల్లారకముందే పోయి గుర్రప్పిల్లల దగ్గర కూర్చున్నాడు. నీళ్ల పైపు లాక్కుంటూ వచ్చిన మతీన్ చూసి నవ్వాడు.

"ఏందన్నా, ఇయ్యాల పెండ్లి పిల్లలకా, నీకా?"

"నాకే అనుకో. ఆ షాంపూ సీసా ఇటియ్యి."

అల్ ఖోబర్ ఊరు దాటినాక ఖర్జూరపు చెట్ల మధ్య ఉంటుంది ఆ మజ్రా. మజ్రా అంటే తోట, గుర్రాల కొట్టాలు, పనివాళ్ల గదులు అన్నీ ఒకే గోడ లోపల. కోరుట్ల పక్క పల్లె నుంచి వచ్చిన దేవన్న అక్కడ గుర్రాలను చూస్తాడు. నిజామాబాద్ మతీన్ బండి నడుపుతాడు, ఇద్దరికీ వంట చేస్తాడు. పదకొండేళ్లుగా దేవన్న గుర్రాలను కడిగి, దువ్వి, పోటీలకు తయారుచేస్తున్నాడు. కానీ మైదానం గేటు దాకానే అతని పని. అక్కడ తాడు ఇంకొకరి చేతిలో పెట్టి, కమ్మీల బయట నిలబడి చూడాలి. లోపల తెల్లటి ఇసుకలో గుర్రాన్ని నడిపించి, పరుగెత్తించి, న్యాయనిర్ణేతల ముందు నిలబెట్టేవాళ్లు వేరే ఉంటారు. ఆ ఇసుక మీద ఒక్కసారి అడుగుపెట్టాలని అతనికి ఎంత కోరికో మతీన్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

ఈసారి యజమానురాలే ఆ మాట అన్నది. ఆమె పేరు ఫౌజియా. బడిలో చదువు చెబుతుంది. తండ్రి పోయినాక గుర్రాలను అమ్మకుండా తనే చూసుకుంటోంది. "ఇది మన ఊరి పోటీయే కదా దేవా. రీమాను నేను పట్టుకుంటా, నజ్మాను నువ్వు పట్టుకో," అని తెల్ల చొక్కా, తెల్ల బూట్లు కూడా కొనిచ్చింది.

రీమా, నజ్మా రెండూ ఏడాది దాటిన అరబీ జాతి ఆడపిల్లలు. రీమా నేరేడు పండు రంగు. నజ్మా గంధం రంగు, నుదుట తెల్లటి చుక్క. చూసినవాళ్లందరి కళ్లూ నజ్మా మీదనే పడతాయి. దేవన్న ఇద్దరికీ డెక్కలు తోమాడు, తోకలు దువ్వాడు, కళ్ల చుట్టూ పసిపిల్లల నూనె అద్దాడు. తన మీసానికీ కాస్త అద్దుకున్నాడు.

మధ్యాహ్నం ఫౌజియా తనే పికప్ నడిపింది, పక్కన దేవన్న. వెనక గుర్రాల డబ్బా, దాని వెనక మతీన్ చిన్న బండి. దారి పొడుగునా పిల్లలు కార్ల అద్దాలు దించి చేతులూపుతుంటే, దేవన్న ప్రతి చెయ్యికీ తనూ చెయ్యి ఊపాడు.

"నీకు కాదయ్యా, గుర్రాలకు," అంది ఫౌజియా.

"వాటి తరఫున నేనూపుతున్న మేడం."

మైదానం దగ్గర జాతర లాగుంది. గుడారాల్లో గహ్వా, అదే అరబ్బుల కాఫీ, కాగుతోంది, ధూపం పొగ తిరుగుతోంది, మైకులో ఎవరో అరబ్బీలో గుర్రాల తల్లుల పేర్లు, తాతల పేర్లు చదువుతున్నారు. సాయంత్రం పూట అస్ర్ నమాజు అయిపోగానే పోటీ. అందాకా పిల్లలను కాస్త నడిపించమని ఫౌజియా చెప్పింది.

దేవన్న నజ్మా తాడు పట్టుకొని దాని ఎడమ పక్కన నిలబడి అడుగు వేశాడు. నజ్మా వెయ్యలేదు. అతని ముందు నుంచి గిర్రున తిరిగి, అతను తన కుడి పక్కకు వచ్చేట్టు నిలబడింది. మళ్లీ ఎడమకు పోయాడు. మళ్లీ తిరిగింది. మూడోసారి తిరిగినప్పుడు దేవన్నకు సంగతి తెలిసొచ్చింది.

అతను వాటిని ఎద్దుల్లాగా పెంచాడు. ఊళ్లో కోడెలను కాడికి అలవాటు చేసినట్టు, పాలు మరిచిన నాటి నుంచి రెండింటినీ జోడీగానే తిప్పాడు. నడుమ తను, ఎడమ చేతిలో దాపటిది నజ్మా, కుడి చేతిలో వలపటిది రీమా. రీమాకు మనిషి ఎప్పుడూ తన ఎడమ పక్కనే ఉన్నాడు. నజ్మాకు మాత్రం పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచీ మనిషి కుడి పక్కనే. పోటీలో గుర్రాన్ని నడిపేవాడు దాని ఎడమ పక్కనే ఉండాలి. అది దేవన్నకు తెలియదా? ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాడు. తెలిసీ తట్టలేదు, అంతే. ఇంటి దగ్గర నిలబెట్టడం, మెడ చాపించడం అన్నీ నేర్పారు. అవి ఎదురుగా నిలబడి చేసేవి. నడక ఎట్లాగూ రోజూ ఉన్నదే అనుకున్నారు.

ఫౌజియా నుదురు కొట్టుకుంది. "నేనూ రోజూ చూస్తూనే ఉన్నా కదా. ఇద్దరమూ ఇద్దరమే."

పక్కనే అర్షద్ ఉన్నాడు. ఆ చుట్టుపక్కల పోటీల్లో పేరున్న పాకిస్తానీ. ఎంత పొగరు గుర్రమైనా అతని చేతిలో నిలబడుతుంది. "ఇటివ్వు చాచా, నేను తీసుకుపోతా," అన్నాడు.

ఫౌజియా దేవన్న వైపు చూసింది. ఇవ్వమనలేదు, వద్దనలేదు. దేవన్న తాడు ఇచ్చాడు. పదకొండేళ్ల అలవాటు, చెయ్యి దానంతట అదే చాపుకుంది. అర్షద్ నాలుక చప్పరించి అడుగు వేశాడు. నజ్మా గిర్రున తిరిగి, అతని మెరిసే బూటు మీద డెక్క పెట్టింది.

"షాబాష్," అన్నాడు మతీన్ మెల్లగా. "మన పిల్లే."

అర్షద్ కుంటుతూ నవ్వుతుంటే దేవన్న నజ్మాను ఊరుకోబెట్టడానికి దగ్గరికి పోయాడు. ఎడమ పక్క నుంచే, దాని వీపు మీదుగా చెయ్యి వేసి అవతలి భుజం గోకాడు. రోజూ తను నడిచే వైపు అది. నజ్మా చెవులు మెత్తబడ్డాయి. గోకుతూనే దేవన్న ఒక అడుగు వేశాడు. అదీ వేసింది. ఇంకొకటి. ఇంకొకటి.

"అర్షద్ భాయ్," అన్నాడు దేవన్న, "తాడు నాకియ్యి."

"అట్లా కావలించుకొని లోపలికి పోతావా? నవ్వుతారు చాచా."

"నవ్వనీ. నేను పోతా."

ఫౌజియా రీమా తాడు సవరించుకుంటూ, "విన్నావు కదా, ఇచ్చెయ్యి," అంది.

ముందు ఫౌజియా, రీమా పోయి చక్కగా చేసి వచ్చారు. తర్వాత మైకులో నజ్మా పేరు వినిపించింది. మతీన్ ఫోను పైకెత్తాడు. అందులో ఊళ్లో ఉన్న దేవన్న భార్య ముత్యవ్వ.

"ఆ తెల్లంగాయన ఎవరు? నేను గుర్తు పడ్తలే," అంది.

"నీ మొగుడే వదినా," అన్నాడు మతీన్. "చూడు, ఇంకొకదాని మీద చెయ్యేసి పోతున్నడు."

ఇసుక దేవన్న అనుకున్నదానికన్నా మెత్తగా ఉంది. బూట్లు దిగబడుతున్నాయి. కుడి చెయ్యి నజ్మా వీపు మీదుగా అవతలి భుజం మీద, ఎడమ చేతిలో తాడు, ఆ అవతారంలో నడక చుట్టు పూర్తయింది. నిజంగానే నవ్వారు. ఒక ముసలాయన లేచి నిలబడి మరీ నవ్వాడు. ఇంక పరుగు. దేవన్న చెయ్యి తియ్యకుండానే పరుగెత్తడం మొదలుపెట్టాడు. నజ్మా ఒక వేగం అందుకుంది, చెయ్యి వేసి ఉంచి ఆ వేగం అతను అందుకోలేకపోయాడు. మూల తిరిగేసరికి చెయ్యి జారిపోయింది.

ఇక తిరుగుతుంది అనుకున్నాడు. తాడు వదులు చేసి పక్కనే పరుగెత్తాడు. నజ్మా చెవి ఒకటి అతని వైపు వచ్చింది. మనిషి ఎక్కడున్నాడో విన్నది. విని, ముందుకే పోయింది. తోక జెండాలాగా లేచింది. కాళ్లు ఇసుకను తాకుతున్నాయో లేదో తెలియదు. ఆ పొడుగు పక్క అంతా ఇద్దరూ గాలిలాగా పోయారు. మాషా అల్లా, మాషా అల్లా అని జనం అంటున్నది దేవన్నకు నీళ్ల లోపలి నుంచి విన్నట్టు వినిపించింది.

న్యాయనిర్ణేతల ముందు నజ్మా మెడ చాపి శిలలాగా నిలబడింది.

ఫలితాలు చదివారు. రీమాకు మూడో స్థానం, నజ్మాకు ఐదోది, ఆకుపచ్చ రిబ్బను. నడకలో మార్కులు పోయాయని అర్షద్ చెప్పాడు.

"ఐదోదానికే ఇంత నవ్వా అన్నా?" అన్నాడు మతీన్.

"లోపలికి పోయొచ్చిన భాయ్."

"రిబ్బన్లు వచ్చినవన్నీ కలిసి ఇంకొక చుట్టు తిరగాలంట, మైకులో పిలుస్తున్నరు. అలిసిపోతే అర్షద్‌కియ్యి."

దేవన్న ఆ మాట పూర్తిగా వినలేదు. నజ్మాను తీసుకొని అప్పటికే గేటు దాటాడు.

రాజ్యం, అరవై ఒక్క ఏండ్లు. ఇప్పుడు ఉండేది అల్ ఖోబర్‌లో, బిడ్డ శ్రీలత ఇంట్లో.