వాగులో మిగిలిన ఆవు

తప్పులుంటే మన్నించండి. నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. ఒక్కో మాట రాయడానికి చాలాసేపు పడుతుంది.

ఎలిసియో ట్రాక్టరు వెనక్కి తెచ్చి, చచ్చిన ఆవు కాళ్ళకు గొలుసు బిగించాడు. కార్చిచ్చు దాటిపోయి నాలుగు రోజులైనా మేతపొలం కనుచూపుమేరా నల్లగానే ఉంది. ఆయన కనుబొమలు కాలిపోయాయి. గొలుసు లాగినప్పుడల్లా దగ్గుతున్నాడు. కంచె గేట్లు తీయడానికి ఆయన భార్యనైన నేను ట్రక్కులో ఉన్నాను.

"ఆసుపత్రికి పోదామయ్యా" అన్నాను.

"అదెక్కడికీ పారిపోదులే తియో. ఆమె వచ్చేలోగా వీటిని వరసన పెట్టాలి."

ఆమె అంటే కౌంటీ ఆఫీసు ఉద్యోగిని మార్లా. మంటల్లో పోయిన పశువులను కళ్ళతో చూసి రాసుకుంటే, వాటి యజమానికి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది.

ఆ చచ్చినవాటిలో ఎలిసియో ఆవులూ ఉన్నాయి. చలికాలంలో కూడా పని మానకుండా చేసినందుకు ఈ పొలం సొంతదారు పెద్దదొర ఏడాదికో పెయ్యను ఇచ్చేవాడు. కాగితం లేదు, చేతిలో చెయ్యి వేయడమే. అన్నీ కలిసి మేసేవి కాబట్టి వాటికీ ఒంటిమీద దొర ముద్రే కాల్చి వేశారు. ఎడమ చెవి కొస కత్తిరించి ఉంటే అది ఎలిసియోది. మేమున్న ఇల్లు దొరది. ఒళ్ళు సహకరించని రోజు వస్తే ఆవులమ్మి ఊళ్ళో రెండు గదులు కొనాలని ఆయన ఆశ.

పెద్దదొర పోయాడు. ఇప్పుడు కొడుకు వెండెల్ దొర. "నీవి పక్కగా పెట్టు ఎలిసియో, మార్లాకి నేను చెప్తాగా" అన్నాడు ముందురోజు. అందుకే ఎలిసియో తన వాటిని కాస్త ఎడంగా పడుకోబెట్టాడు. చూపులేని కళ్ళలో పడిన బూడిదను వేలితో తుడిచాడు.

మార్లా వచ్చింది, వెనకే వెండెల్ బండి. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఎలిసియోను చూసింది.

"నువ్వే ఈ వరసలో పడుకునేలా ఉన్నావు, ఇంటికి పో. ఇదేంటి, మధ్యలో సందు వదిలారు? అవతలివి ఎవరివి?"

వెండెల్ కాలిన కంచె వైపు చూశాడు. "ముద్ర కనపట్లేదా మార్లా? నావే."

ఎలిసియో అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఇంకేమైనా ఉన్నాయా?"

"వాగులో ఒకటుంది. రేపో మాపో పోతుంది."

"ప్రాణమున్నదాన్ని నేను రాయలేను వెండెల్."

"అయితే నువ్వుండగానే అయిపోతుంది. ఎలిసియో, తుపాకీ తీస్కో."

"అది నాది చిన్నదొరా."

"ఏంటీ?"

"నాది. మీ నాన్నగారు ఇచ్చారు."

మార్లా పెన్నుకు మూత పెట్టింది. వెండెల్ నవ్వాడు. "సరే, నీదే! ఇంటికి తోలుకుపో. ఏ గడ్డి పెడతావో పెట్టు."

వాళ్ళ బళ్ళు వెళ్ళి, దుమ్ము అణిగేదాకా ఎలిసియో కదల్లేదు. తర్వాత తుపాకీ అందుకున్నాడు.

"బతుకుతుందేమో, ఉండనీరాదూ?" అన్నాను.

"గిట్టలు ఊడిపోతున్నాయి తియో. ఆశకొద్దీ నేనే దాన్ని ఏడిపిస్తున్నా."

"మరి ఇందాక వద్దన్నావేం?"

"ఇందాక చస్తే వాళ్ళది. ఇప్పుడు నాది."

దగ్గుకుంటూ వాగులోకి దిగాడు. ఒక్కసారే పేలింది. ఫ్లాస్కులోంచి కాఫీ వంచి పెట్టాను. అది చల్లారిపోయింది. అప్పటికి గాని నాకు తట్టలేదు, దగ్గు వినపడటం లేదని.

దిగి చూస్తే, ఒడ్డుకు ఆనుకుని కూర్చున్నాడు, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పని అయిపోయినవాడిలా. ప్రాణం తీసింది ఊపిరితిత్తుల నిండా ఉన్న పొగేనని డాక్టరు తర్వాత చెప్పాడు. ఆయన నెత్తిన ఏమీ లేదు. ఈగలు వాలకుండా, ఆవు కళ్ళమీద ఆయన టోపీ బోర్లించి ఉంది.

— తియోదోరా మరుఫో, డెబ్బై నాలుగేళ్ళు. ఇప్పుడు అమరిల్లో పట్నంలో, చెల్లెలి ఇంటి వెనకగదిలో ఉంటున్నాను.