పాత క్యూబు, కొత్త తేదీ

బాలికల పాఠశాలలో కొత్త సైన్సు బ్లాకుకి స్లాబు పోసిన రోజు మా బావ మైకు పట్టుకున్నాడు. అక్కడి కాంట్రాక్టరు ఆయనే. "స్లాబు లేని శాస్త్రం లేదమ్మా పిల్లలూ!" అని మొదలుపెట్టాడు. కాంతి ఎలా వంగుతుందో చూడాలంటే గాజు స్లాబు కావాలట. భూమి లోపల ఒక రాతి స్లాబు ఇంకోదాని కిందికి జారితే భూకంపమట. మనిషి ఎలా పోయాడో డాక్టరు తేల్చేదీ స్లాబు మీదేనట. హెడ్మాస్టరమ్మ మురిసిపోయింది. నేనూ చప్పట్లు కొట్టాను.

నాది కాంక్రీటు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. స్లాబు పోసేటప్పుడు అదే మాలుని ఇనుప అచ్చుల్లో నింపి అర అడుగు క్యూబులు చేస్తారు. ఏడో రోజున వాటిని నేను మిషన్లో పెట్టి నొక్కుతాను. ఎంత బరువుకి పగిలిందో చూసి స్లాబు బలం చెబుతాను. క్యూబు, స్లాబు ఒక కడుపున పుట్టినవని నమ్మకం. నా సంతకం పడితేనే స్లాబు కింద ఊతంగా నిలిపిన ప్రాప్స్ తీస్తారు, పిల్లలు ఆ గదుల్లో కూర్చుంటారు.

ఏడో రోజు క్యూబులు బావే స్వయంగా తెచ్చాడు. మొదటిది ఎంతకీ పగల్లేదు. ఆ వయసు క్యూబు పూర్తి బలంలో మూడింట రెండు వంతులకి పగిలితే మంచి కాంక్రీటు. ఇది పూర్తి బలం దాటి, ఇంకో సగం కూడా మోసింది. ఏడు రోజుల పసిబిడ్డ పరుగుపందెం గెలిచినట్టుంది. రెండోదాని మీద ఎర్ర రంగుతో రాసిన తేదీని బ్లేడుతో గీకాను. అడుగున నీలి రంగులో "నీళ్ల ట్యాంకు" అని, పోయినేడాది తేదీ ఉంది. మూడోదాన్ని గీకితే "వంతెన" బయటపడింది.

అర్థమైంది. సిమెంటు దండిగా వేసి ఒకేసారి కుప్ప క్యూబులు పోసి షెడ్డులో దాచుకున్నాడు. ఎక్కడ పని దొరికితే అక్కడి పేరు, ఆ నాటి తేదీ వాటి మీద పులమడమే. పాత రంగు గీకేయడానికి కూడా బద్ధకం! దొంగతనంలో కూడా నాసిరకం. అంతకన్నా రోత నా మీద నాకే పుట్టింది. పదకొండేళ్లుగా పైనున్న తేదీలు చదివి సంతకాలు పెట్టాను. ఏనాడూ గోరుతో గీకి చూడలేదు.

"ఇవేంటి బావా?" అన్నాను.

"క్యూబులు," అన్నాడు నవ్వుతూ. "అందరూ చేసేదే మరదలా. నువ్వు కొత్తగా కళ్లు తెరిచావు, అంతే."

"మరి పైన పోసిన స్లాబులో ఏముంది?"

"ఉండాల్సింది ఉంది."

"ఉంటే దాని క్యూబులే తెచ్చేవారుగా?"

మెడ రుద్దుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "రేపు పొద్దున ప్రాప్స్ తీయాలి. సోమవారం ప్రారంభం. ఒక్క మాట చెప్పు, నా కూతురు చదివేదీ ఆ బళ్లోనే కదా? నా బిడ్డ నెత్తిన నేనే స్లాబు పడేసుకుంటానా?"

ఆ మాటకి తడబడ్డాను. ఎంత కక్కుర్తి మనిషైనా కన్నకూతురిని ఆ కప్పు కింద కూర్చోబెడతాడా? బలం కాస్త తగ్గినా నిలుస్తుందనే ధీమా ఉందేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే, కలం తీశాను కూడా.

అంతలో అక్క ఫోన్ చేసింది. నేను క్యూబులు గీకుతుండగానే ఆయన మెసేజ్ పెట్టినట్టున్నాడు. నా చేతుల నిండా సిమెంటు దుమ్ము. స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాను.

"తిన్నింటి వాసాలు లెక్కపెడతావటే?" అంది అక్క. "నిన్ను చదివించింది ఆయన కాదూ? ఒక్క సంతకానికి ఇంత బెట్టా?"

"అది కాదక్కా. రేపు ఆ గదుల్లో కూర్చునేది మన పిల్ల కూడానూ. ఆ భయం."

"ఓసి పిచ్చిదానా, అది అక్కడ కూర్చోదులే. కొత్త రంగుల వాసన దానికి పడదని మీ బావ పాత బిల్డింగు సెక్షనుకి మార్పించేశారు. స్లాబు పోసిన మర్నాడే వెళ్లి హెడ్మాస్టరమ్మని బతిమాలుకున్నారు పాపం."

బావ మొహం వైపు చూశాను. ఆయన మిషను వైపు చూస్తున్నాడు.

ఉమ్మేయాలనిపించింది. రిపోర్టు కాగితం దగ్గరికి లాక్కుని "క్యూబులు ఈ స్లాబువి కావు. ప్రాప్స్ తీయరాదు, గదుల్లోకి ఎవరినీ పంపరాదు" అని రాసి సంతకం పెట్టాను. ఫోటో తీసి ఆయన ఎదురుగానే హెడ్మాస్టరమ్మకి పంపించాను. ఆయన అడ్డు రాలేదు.

"పిల్లంటే ఆయనకి ఎంత ప్రాణమో నీకేం తెలుసే," అంటోంది అక్క ఫోన్లో.