బుధవారం సెలవు

దుప్పటి మీద ఇస్త్రీపెట్టె ఆనించి ఆమె అలాగే నిలబడిపోయింది. కమురు వాసన వచ్చాక, పక్క బల్ల దగ్గరున్న తోడికోడలు పరుగున వచ్చి పెట్టె ఎత్తింది. హోటలుకు వెళ్ళాల్సిన తెల్ల దుప్పటి నడిమధ్యన గోధుమరంగు మచ్చ. ఈ వారంలో ఇది రెండోది.

ఈ లాండ్రీలో చేరకముందే ఆమెకు దిగులు జబ్బు ఒకసారి వచ్చి పోయింది. చేరాక మళ్ళీ వచ్చింది. అప్పుడు లాండ్రీలో నడుంనొప్పని చెప్పి నెల్లాళ్ళు ఇంట్లో పడుకుంది. తేరుకున్నాక డాక్టరమ్మ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. ఇది తిరగబెట్టే జబ్బు. రాకుండా చూసుకోవడానికి మాత్రలు మానకుండా వేసుకోవచ్చు. లేదా వారానికో పూట క్లాసుకొచ్చి, ముసురుకొచ్చే ఆలోచనల వెంట కొట్టుకుపోకుండా వాటిని గమనించడం నేర్చుకోవచ్చు. రెండూ ఇంచుమించు ఒకేలా పనిచేస్తాయి, ఏది కుదిరితే అది ఎంచుకోమంది. క్లాసు వంటబట్టాక మాత్రలు తనే మెల్లగా తగ్గిస్తానని, సొంతంగా మాత్రం ఆపొద్దని మరీమరీ చెప్పింది.

ఆమె క్లాసే మేలనుకుంది. మాత్రల అట్ట కనబడితే చాలు, అత్తగారు పిల్లల్ని దగ్గరకు లాక్కునేది. కానీ క్లాసు బుధవారం మధ్యాహ్నం. సెలవడిగితే ఎందుకంటారు. అడగడానికి నోరు రాలేదు. డాక్టరమ్మే ఆపమందని ఇంట్లో అబద్ధమాడి మాత్రలు మానేసింది. క్లాసుకూ పోలేదు.

సూపర్‌వైజర్ వచ్చి దుప్పటి విప్పి చూశాడు. చుట్టూ ఇస్త్రీపెట్టెలు ఆగాయి.

"ఉక్కకి కళ్ళు తిరిగాయండి పాపం. కాసిని మంచినీళ్ళు తాగితే సర్దుకుంటుంది," అంది తోడికోడలు.

"అంతేనా అమ్మా?" అన్నాడాయన.

తలూపితే సరిపోయేది. తోడికోడలు వెనకనుంచి మోచేయి గిల్లింది కూడా. ఆమెకు మొహమంతా భగ్గుమంది. చూపు తన కాలివేళ్ళ మీదే ఉంది.

"కళ్ళు తిరగలేదండి. నాకు మనసు జబ్బుంది. అప్పుడు నడుంనొప్పన్నదీ అదే. మందులు మానేశాను, మళ్ళీ వస్తోంది. ఇవాళ డాక్టరు దగ్గరికెళ్ళాలి. ఆ పైన బుధవారం మధ్యాహ్నాలు సెలవు కావాలి."

ఎవరో కిసుక్కున నవ్వి దగ్గు కింద దాచుకున్నారు. తోడికోడలు తన బల్ల దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడింది. తనాడిన అబద్ధం ఈ పూటే ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. ఆమెకు సిగ్గుతో మెడ వంగిపోయింది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

సూపర్‌వైజర్ దుప్పటిని ఎలాగో ఒకలా మడతపెట్టాడు.

"ప్రతి బుధవారమా?"

"అవునండి," అంది, తల ఎత్తకుండానే.