వాసన మానేసిన పువ్వు

అత్తయ్యను ఎడమపక్కకు ఒత్తిగించి, తడిసిన దుప్పటి సగం చుట్టి, పొడిది సగం పరిచేసరికి ఆయన గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డారు. లోపలికి రారు. గడప అవతలే, చెప్పులు విడవకుండా నిలబడతారు.

"విచ్చిందా?"

పువ్వు సంగతి. అత్తయ్య బరువంతా నా మోచేతి మీద ఉంది. "ఆ" అన్నాను. తనను నిద్రపట్టిందా అని అడిగాడనుకుందేమో, ఆవిడ కూడా గోడవైపు తిరిగే జవాబిచ్చింది.

"పట్టింది నాయనా, తెల్లవారేదాకా నిద్రే."

"మంచిదమ్మా" అని వెళ్లిపోయారాయన.

మా వీధిలో ఆయన్ని పూలాయన అంటారు. నన్ను పూలాయన భార్య అంటారు. పెరట్లో వల కప్పిన షెడ్డు, దాన్నిండా ఆర్కిడ్లు. నీళ్లు చిలకరించడం, ఆకులు తుడవడం, కుళ్లిన వేర్లు కోసి కుండీలో బొగ్గూ కొబ్బరిపీచూ మార్చడం నా పని. ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అంటించి కొత్త రకం పుట్టించేటప్పుడు కూడా చెయ్యి నాదే. ఆయన వేళ్లు లావు. అగ్గిపుల్ల కొనతో ఆ పసుపుపచ్చ పొడిముద్దను ఎత్తి, రెండో పువ్వు గొంతులో జిగురుగా ఉండే గుంటలో పెట్టాలి. ఊపిరి తగిలినా జారిపోతుంది. "సూదిలో దారం ఎక్కించే చెయ్యి, నీకిదెంత" అంటారు. తీరా అది పెరిగి పూసి, చూడ్డానికి నలుగురొస్తే "నేను చేసిన క్రాసు" అంటారు. అప్పుడు నేను వాళ్లు తాగిన కాఫీ కప్పులు తీస్తుంటాను.

ఈ మొక్కను అత్తయ్య గదిలోకి తెచ్చింది నేనే. ఎందుకు తెచ్చానో చెప్పాలంటే నోరు రావడం లేదు. ఆవిడకు కాళ్లు పడిపోయాక మంచమే లోకమైంది. ఎంత కడిగినా మంచంపట్టిన మనిషి గదికి ఒక వాసన పడుతుంది. ఫినాయిలు దాన్ని చంపదు, పక్కన నిలబడుతుంది, అంతే. అమ్మను చూడ్డానికొచ్చిన ఆడపడుచు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "ఏమనుకోకు వదినా, దుప్పటి రోజూ మారుస్తున్నావా?" అంది. ఆ మాట వెంటపడి తరుముతుంటే షెడ్డులోకి వెళ్లాను. వెడల్పాటి నున్నని ఆకులు, పొట్టి కాడ ఉన్న ఈ మొక్క కనిపించింది. దీనికి గుత్తులుండవు. కాడ చివర ఒకటి తర్వాత ఒకటిగా ఒక్కో పువ్వే వస్తుంది. కానీ పొద్దెక్కేకొద్దీ యాలకులూ నిమ్మతొక్కా కలిపి నలిపినట్టు గదంతా వాసన నింపుతుంది. తెచ్చి కిటికీలో పెట్టాను. నాకోసం పెట్టుకున్నాను. ఆ గదిలో వంగి పనిచేసేది నా ముక్కు కదా.

షెడ్డులో అలిగి కూర్చున్న మొక్క ఇక్కడ మొగ్గ తొడిగింది. రోజూ వేడినీళ్లతో ఆవిణ్ణి తుడిచే ఆవిరి, దండెం మీద ఆరే తడిబట్టల చెమ్మ, నేరుగా ఎండపడని కిటికీ, అన్నీ దానికి నచ్చినట్టున్నాయి. పువ్వు విచ్చిన రోజు అత్తయ్య కళ్లు మూసుకుని చాలాసేపు గాలి పీల్చింది. తర్వాత అంది:

"నాకోసం తెచ్చిపెట్టావే. కన్నకూతురికి తోచలేదు."

నేను కాపురానికొచ్చిన కొత్తలో "నీ చెయ్యి పడితే పాలు కూడా విరుగుతాయి" అన్న మనిషి. నేను వండినదేదీ వంక పెట్టకుండా మింగని మనిషి. ఇన్నేళ్లకు ఒక్క మంచిమాట అంది, అదీ నాది కానిదానికి. "అవునత్తయ్యా" అన్నాను. ఆ అవును ఇంకా గొంతులో ముల్లులా ఉంది. ఆ రోజునుంచి కసురుకోవడం మానేసింది. తాగే పాలలో సగం గ్లాసులో వదిలి "నువ్వు తాగు" అనడం మొదలుపెట్టింది. ఆ సగం పాలు తాగుతుంటే, తిట్టినప్పుడే నయమనిపించేది. తిట్లు తిన్నాక హాయిగా నిద్రపట్టేది.

అలాంటి సమయంలో ఆయన ఎవరో స్నేహితుడి దగ్గరనుంచి కాగితం మడతలో పుప్పొడి తెచ్చారు. ముదురెరుపు పూలు పూసే రకంది. రంగు బ్రహ్మాండం, వాసన సున్నా. "దీని రంగూ దాని వాసనా కలిస్తే చూడు" అన్నారు. వాసన దిగుతుందో లేదో ఎవరూ చెప్పలేరు, ఆయనా చెప్పలేదు. పుట్టే రకానికి వాళ్లమ్మ పేరు పెడతానని వచ్చినవాళ్లందరికీ చెప్పారు. "తల్లంటే ఎంత ప్రేమండీ" అన్నారు వాళ్లు. నిజమే. పేరు పెట్టడానికి గదిలోకి రానక్కర్లేదు.

పుప్పొడి అంటిన పువ్వు మర్నాటికల్లా వాసన మానేస్తుందని నాకు తెలుసు. ఈ జాతిలో రేకులు రాలిపోవు కూడా. తెలుపూ ఊదా పోయి, ఆకుపచ్చగా మందంగా మారి, ఆకు చేసే పనే తామూ చేస్తూ కాయ ముదిరేదాకా ఉండిపోతాయి. ఇవన్నీ తెలిసే, అత్తయ్య కునుకు తీస్తుండగా దొంగలా వెళ్లి అంటించి వచ్చాను.

మర్నాడు ఆవిడ అడిగింది. "ఇవాళ రాలేదేమే?"

"మబ్బు పట్టింది అత్తయ్యా. ఎండ లేకపోతే రాదు."

ఆవిడ కిటికీవైపు చూసింది. బయట ఎండ పెళపెళ కాస్తోంది. ఆ పూటనుంచి తిండి తగ్గింది. రెండు ముద్దలు తిని మొహం గోడవైపు తిప్పేసేది. నేను చెంచా పట్టుకుని ఆవిడ వీపు చూస్తూ కూర్చునేదాన్ని. "ముసలితనం, అంతే" అన్నారాయన గుమ్మంలోంచి.

అదే కాడకు ఇవాళ రెండో పువ్వు విచ్చింది. దుప్పటి మార్చడం అయ్యేసరికి వాసన అందుకుంది. "వచ్చింది" అంది అత్తయ్య, ఊరినుంచి చుట్టం దిగినట్టు. అడక్కుండానే పాలు తాగింది.

నేను తడి దుప్పటి తీసుకుని బయటికొస్తే ఆయన కాగితం మడత చేతిలో పెట్టారు.

"దీనికీ అంటించెయ్. ఒక కాయ నిలవకపోతే ఇంకోటి ఉంటుంది. ఈ పుప్పొడి ఇక ఆగదు."

"అత్తయ్యకు ఆ వాసన ఇష్టమండీ. ఇవాళే పాలు..."

"అమ్మకేం తెలుస్తుంది? కావాలంటే గదిలో కాస్త సెంటు కొట్టు."

అంటించకపోతే ఆయన తెచ్చిన పుప్పొడి నావల్ల పోయినట్టు. అంటిస్తే ఆవిడ తాగిన ఆ గుక్కెడు పాలు నావల్ల పోయినట్టు. ఎటు తిరిగినా తప్పు నాదే అయ్యేచోట నిలబడటం నాకు కొత్త కాదు. అలాంటప్పుడు నేనెప్పుడూ ఒకటే చేస్తాను, ఎవరి గొంతు గట్టిగా ఉంటే వాళ్ల మాట వింటాను. దుప్పటి బకెట్లో పడేసి, అగ్గిపుల్ల కొన చెక్కుకుని లోపలికెళ్లాను. అత్తయ్య కళ్లు మూసుకుని ఉంది. పుల్ల కొనకు పొడిముద్ద అంటుకుంది. ఊపిరి బిగబట్టాను.

"మళ్లీనా?"

పుల్ల గాల్లోనే ఆగిపోయింది. "నిద్రపోలేదా అత్తయ్యా?"

"పోయినసారీ పోలేదు."

ఏదో ఒకటి చెప్పాలని మొదలుపెట్టాను. "కాయ పట్టాలంటే ఇదే దారి. కాయ పట్టాక ఇక వాసన అవసరం ఉండదు, అందుకని..."

"ఎవరికి?"

ఆవిడ మెడ కొద్దిగా తిప్పి, పచ్చబడిన మొదటి పువ్వును చూసింది.

"అదేంటి, ఆకులా తయారైంది?"

"అది ఇక పువ్వు కాదు. కాయను మోస్తూ పనిచేస్తుంది."

"ఇంకేం" అంది అత్తయ్య. "అదీ కాపురానికొచ్చేసింది."

నవ్వొచ్చింది. నవ్వుతోపాటే గొంతులో ముల్లు కదిలింది. "అత్తయ్యా, ఆ మొక్క నేను..."

"గదిలో కంపు పోవడానికి తెచ్చావు. తెలుసు. పడిపోయింది కాళ్లే గానీ ముక్కు కాదుగా. నా కంపు నాకంటే ముందు ఎవరికి తెలుస్తుందే?"

"మరి, నాకోసం తెచ్చావని ఎందుకన్నారు?"

"అలా అంటే సిగ్గుపడి ఉంచుతావని. లేకపోతే మర్నాడు మా వాడు షెడ్డులోకి పట్టుకుపోడూ?" కాస్త ఆయాసం తీర్చుకుంది. "అది వచ్చినంతసేపూ ఈ మంచంలో ఉన్నట్టుండదు నాకు. నీకు పాలు వదిలింది మాత్రం నాటకం కాదులే. నువ్వు చిక్కిపోతున్నావు."

కిటికీలో పువ్వు, చేతిలో పుల్ల. పొడిముద్ద ఇంకా కొనకు అంటుకునే ఉంది.

వసారాలోంచి ఆయన గొంతు. "అయిందా?"

పుల్లను కిటికీగట్టు మీద పెట్టాను. పక్కన కాగితం మడత పెట్టాను.

"అవలేదు. నేను చెయ్యను. కావాలంటే మీరే లోపలికొచ్చి చేసుకోండి."

నా గొంతు నాకే గట్టిగా వినబడింది. వెంటనే తప్పయిపోయిందనాలనిపించింది. బకెట్లో దుప్పటి ఉంది, షెడ్డులో మొక్కలు పొద్దుటినుంచి నీళ్లకోసం చూస్తున్నాయి, పొయ్యి మీద ఏమీ లేదు. అన్నీ గుర్తొస్తూనే ఉన్నాయి, కూర్చోవడం తప్పనిపిస్తూనే ఉంది. కుర్చీ మంచం పక్కకు లాక్కుని కూర్చున్నాను.

చెప్పుల చప్పుడు గడపదాకా వచ్చి ఆగింది.