పడవ నిండా మూలికలు

తండ్రిని మట్టిచేసి వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆ పిల్లను తండ్రి కుర్చీలో కూర్చోబెట్టారు. నా కళ్లారా చూశాను. ఆయన నడుము వెనక పెట్టుకునే చిన్న దిండు ఇంకా ఆ కుర్చీలోనే ఉంది.

"మీ నాన్న ఎలా మాట్లాడేవాడో నీకంటే ఎవరికి తెలుసమ్మా?" అన్నాడు సూపర్‌వైజర్. ఏదో ఉపకారం చేస్తున్నవాడిలా వంగి మరీ చెప్పాడు. "జనం తాతేడీ, తాతేడీ అని ఒకటే గోల. ఇవాళ్టి నుంచి నువ్వే తాతవి. కానియ్."

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో 'ఏడు రేవుల రాజ్యం' ఆడనివాళ్లు తక్కువే అనుకుంటాను. ఇంట్లో కూర్చుని, కత్తి పట్టుకుని, వేరే మనిషిగా బతికే ఆన్‌లైన్ ఆట. అందులో సంతలోనూ రేవులోనూ మీతో కబుర్లాడే ఊరివాళ్లున్నారే, వాళ్లంతా ఉత్త కంప్యూటర్లేనని కంపెనీ చెప్పింది, మీరు నమ్మారు. కాదు, వాళ్లం మేమే. ఒక పెద్ద హాలు, నూట ఇరవై కుర్చీలు, మనిషికో పాత్ర. నేను బారెడు గడ్డమున్న కమ్మరిని. ఇద్దరు పిల్లల తల్లికి బారెడు గడ్డం! నవ్వండి, పర్వాలేదు, మేమూ నవ్వుకునేవాళ్లం. కమ్మరక్కా, కాపలా తమ్ముడూ అని పిలుచుకునే మా నోళ్లకు అసలు పేర్లే వచ్చేవి కావు. ఆ పిల్లది పూలమ్మి వేషం. వాళ్ల నాన్న పడవ తాత. మనవలే లేని మనిషి, ఆటలోనే తాత.

హాల్లో రూల్స్ రెండే. మనిషినని ఎవరికీ చెప్పకూడదు. ఎదురుగా ఆటగాడు నిలబడి ఉండగా కుర్చీలోంచి లేవకూడదు.

రోజూ పొద్దున సూపర్‌వైజర్ ఆటగాళ్ల అభిప్రాయాలు చదివి వినిపించేవాడు. నచ్చనివి ముందు, గొంతు పెంచి. రేవులో గంటల తరబడి క్యూ. డబ్బు పోసి కత్తి కొనుక్కున్నవాడి ముందు నెలల తరబడి పడ్డ కష్టం బూడిదే. ఆ రాక్షసుణ్ణే ఎన్నిసార్లు చంపాలి? కమ్మరికి ఒళ్లంతా పొగరు. ఆ చివరిది చదివేటప్పుడు నా వంక చూసేవాడు. నచ్చినవి గొంతులోనే గొణిగేవాడు. ముక్కూమొహం తెలియనివాళ్లతో కలిసి కొండెక్కడం బాగుందట. ఇంట్లో మాట్లాడలేనివాణ్ణి అక్కడ మాట్లాడగలుగుతున్నానని ఒకడు రాశాడట. ఇక ప్రతివాళ్లూ రాసేది ఒక్కటే, పడవ తాత.

తాత పెద్దగా చేసిందేమీ లేదు. పడవెక్కిన ప్రతివాణ్ణీ "అన్నం తిన్నావా?" అని అడిగేవాడు. లేదంటే పడవ కదిపేవాడు కాదు. "పోయి తినిరా. రాక్షసుడెక్కడికీ పోడు" అనేవాడు. కంపెనీ రాసిచ్చిన మాట కాదది. ఇంట్లో కూతుర్ని అడిగే మాటే అక్కడా అడిగాడు. అందుకే ఆయన క్యూ తెగేది కాదు. క్యూ తెగనిదే ఆయన లేవడానికి లేదు.

"వీళ్లక్కా మన శత్రువులు," అనేవాడు కాపలా తమ్ముడు. "కాలు మీద కాలేసుకుని మన మీద చాడీలు రాస్తారు." మేమూ నిజమేననుకున్నాం. ఆ కాగితం ఎవడి చేతిలో ఉంది, ఏది గట్టిగా చదువుతున్నాడు, ఏది మింగేస్తున్నాడు అని ఒక్కరం ఆలోచించలేదు. మా బుద్ధి అంతవరకే పనిచేసింది.

తాత పోయిన రోజు మధ్యాహ్నం చొక్కా మొత్తం చెమటతో తడిసిపోయి చెయ్యెత్తాడు. సూపర్‌వైజర్ ముందు తెర వంక చూశాడు, తర్వాతే మనిషి వంక. "క్యూలో నలభై మందున్నారు. వాళ్లను పంపించి లే" అన్నాడు. అందరం విన్నాం. ఎవరి ముందు ఉన్న ఆటగాడితో వాళ్లం మాట్లాడుతూనే ఉన్నాం.

తాత అప్పుడు కూడా రూలు తప్పలేదు. మనిషినని చెప్పలేదు. "ఛాతీలో నొప్పిగా ఉంది. ఎడమ చెయ్యి లాగుతోంది. కాసేపు ఆగండి బాబూ" అని పడవ తాతగానే టైపు కొట్టాడు. ఆటగాళ్లు ఎగిరి గంతేశారు. తాతకు జబ్బు చేసింది, కొత్త కథ మొదలైంది అనుకున్నారు. కొండ మీదికి పరిగెత్తి మూలికలు తెచ్చారు. ఆయన కీబోర్డు మీద వాలిపోయి ఉంటే మేం వెళ్లి చూసేసరికి తెర మీద పడవ నిండా మూలికలు. ఇంకా తెచ్చి పోస్తూనే ఉన్నారు.

ఇప్పుడు అదే తెర ముందు పూలమ్మి కూర్చుంది. క్యూలో మొదటివాడి మాట వచ్చింది.

"తాతా! లేచావా? మా మూలికలు పనిచేశాయా?"

పిల్ల వేళ్లు కదల్లేదు.

"పనిచేశాయని కొట్టు" అన్నాడు సూపర్‌వైజర్.

నేను లేచి నిలబడ్డాను. "ముందు ఆ పిల్లను లేపు!"

"నీ కొలిమి దగ్గర ఆటగాడున్నాడు. కూర్చో."

"ఉండనీ! నిన్న తాత, ఇవాళ తాత కూతురు. రేపు నేను పోతే నా పిల్లలకి గడ్డం పెడతావా?"

అక్కడక్కడా కుర్చీలు కదిలాయి. కాపలా తమ్ముడు నా చెయ్యి పట్టుకుని లాగాడు. "అక్కా, ఉద్యోగాలు ఊడతాయి. అయినా వాళ్లకి చెప్పి ఏం లాభం? వాళ్లకి ఆట కావాలి, మనం చస్తే వాళ్లకేంటి?"

పూలమ్మి వెనక్కి తిరిగింది.

"వాళ్లు మూలికలు తెచ్చారన్నా. ఎక్కడున్నారో ఏంటో, చెయ్యగలిగింది చేశారు. మనం నాలుగడుగుల దూరంలో ఉన్నాం. మనమేం తెచ్చాం?"

ఆ మాట ఇంకా నన్ను నిద్రపోనివ్వడం లేదు.

పూలమ్మి తెర వైపు తిరిగి కొట్టింది. "నేను తాతని కాదు. ఆయన కూతుర్ని. మా నాన్న ఈ కుర్చీలోనే చచ్చిపోయాడు. మేమందరం మనుషులమే."

నేను నా కొలిమి దగ్గర అదే కొట్టాను. సంతలో కొట్టారు, సత్రంలో కొట్టారు. కాపలా తమ్ముడు కోట గుమ్మం ముందు నిలబడి హాలు అడ్రసు కూడా రాసేశాడు. సూపర్‌వైజర్ ప్లగ్గులు పీకుతూ పరిగెత్తాడు. ఒక్కడు ఎన్ని కుర్చీల దగ్గరికి పోతాడు?

తెర మీద క్యూలో ఎవడో తన కత్తి తీసి రేవు గట్టున పెట్టాడు. వెనకవాడూ పెట్టాడు. వేలమంది పెట్టారు. డబ్బు పోసి కొన్నవాళ్లూ పెట్టారు. అంతలో కంపెనీ ఆట మొత్తం ఆపేసింది.

మధ్యాహ్నానికి పోలీసు వ్యాను వచ్చింది. కంపెనీ రహస్యం బయటపెట్టిందని పూలమ్మిని ఎక్కించారు. మేం వ్యాను చుట్టూ చేరాం. అప్పటికే గేటు దగ్గర మాకు తెలియని మొహాలు. కాలేజీ బ్యాగులవాళ్లు, నూనె మరకల చొక్కాలవాళ్లు, ఆసుపత్రి యూనిఫాం విప్పకుండా వచ్చిన ఒకావిడ. ఆమె జనాన్ని తోసుకుంటూ వచ్చి వ్యాను కిటికీ జాలీ పట్టుకుంది.

"అమ్మా, మొదటి మూలిక పెట్టింది నేనే. నేను నర్సుని. ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు. అదేంటో నాకు తెలుసమ్మా! రోజూ చూస్తాను. కంప్యూటరనుకున్నా. ఆకులు తెచ్చి పెట్టా!" జాలీకి తల కొట్టుకుంది.

శ్మశానంలో కూడా ఏడవని పూలమ్మి అప్పుడు ఏడ్చింది. జాలీలోంచి ఆమె వేళ్లు పట్టుకుంది. "మీ తప్పు కాదక్కా. మా నోళ్లు కట్టేశారు." ముక్కు తుడుచుకుని, "డ్యూటీ నుంచి ఇటే వచ్చావా? అన్నం తిన్నావా?" అంది.

నర్సు పోయి వ్యాను ముందు రోడ్డు మీద కూర్చుంది. ఆమె పక్కన నేను. నా పక్కన కాపలా తమ్ముడు. ఆ తర్వాత ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో నాకు తెలియదు. లాఠీ దెబ్బలకు ఇద్దరి తలలు పగిలాకే వ్యాను కదిలింది.

రేపు పదిగంటలకు పూలమ్మిని కోర్టుకు తెస్తున్నారు. అందరూ రండి. అన్నం తిని రండి. చాలాసేపు నిలబడాల్సి ఉంటుంది.