రక్తం గోలీలు

కూతురు సోని తుమ్మితే చాలు, బాలికి గుండె జారిపోయేది. అలాంటిది, ఆ పిల్ల తొలిచూలుతో పుట్టింటికి వస్తే ఆమెకు కంటి మీద కునుకెక్కడిది? అశ్వారావుపేట దవాఖానాలో ఒంట్లో రక్తం తక్కువుందన్నారు. ఇట్లాగే ఉంటే తల్లికీ బిడ్డకూ కష్టమన్నారు. ఆ మాట బాలి చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

తండాకు వచ్చే ఆశా కార్యకర్త ముత్తక్క రక్తం పెరిగే గోలీలు ఇచ్చి, ఆకుకూరలు, పల్లీలు తినమంది, కాసేపు నడవమంది. బాలి ఒక్కటీ తప్పనివ్వలేదు. మునగాకు కోసం పక్క తండాకు కూడా పోయింది. గోలీ మాత్రం సోనికి పడేది కాదు. మింగగానే కక్కేది. పామాయిల్ తోటల్లో గెలలు కొట్టేవాళ్లను నిలబెట్టేది టీయే కదా అనుకుని, బాలి చిక్కగా టీ కాచి, దాంతోనే గోలీ మింగించింది. వాంతి ఆగింది. రోజూ అదే పద్ధతి. గుటక పడేదాకా తల్లి ఎదురుగా కూర్చునేది.

"ఏంది యాడీ గిట్ల కాపలా? పోలీసు క్యాంపు నయం నీకన్నా," అని సోని నవ్వేది. యాడీ అంటే తండా మాటలో అమ్మ.

"నవ్వు బిడ్డా నవ్వు. నీకూ ఒకతి పుట్టినంక తెలుస్తది."

మళ్లీ పరీక్ష చేస్తే రక్తం ఉన్నచోటే ఉంది. బాలికి భయం పెరిగింది, టీ ఇంకా చిక్కనైంది. నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. పుట్టిన ఆడపిల్ల పిడికెడంత ఉంది. పొద్దుగూకకముందే పోయింది.

దవాఖానా నుంచి సోనిని ఇంటికి పంపే రోజు నర్సు నిర్మలాదేవి మళ్లీ అవే గోలీలు చేతిలో పెట్టి, ఇన్నాళ్లూ ఎట్లా వేశారని అడిగింది. ఒక్కపూటా తప్పలేదని, టీతో తానే మింగించానని బాలి చెప్పింది. నర్సు రాస్తున్న కలం పక్కన పెట్టింది.

"టీతో ఏస్తే ఒంటికి సరిగ్గ పట్టదమ్మా. నిమ్మకాయ నీళ్లతో ఎయ్యాలె."

బిడ్డ పోవడానికి అదొక్కటే కారణమని ఎవరూ చెప్పలేరని కూడా ఆమె అన్నది. బాలికి ఆ మాట ఎక్కలేదు. మంచం మీద సోని గోడవైపు తిరిగి ఉంది. విన్నదని వీపు చూస్తేనే తెలిసింది.

"నా మీద కోపమొచ్చిందా బిడ్డా?"

"కోపం గాదు యాడీ. పాలొస్తున్నయ్. గుడ్డ కట్టు."

బాలి కొంగు చింపింది. నొప్పి పుడుతుందేమోనని రొమ్ముల మీద వదులుగా చుట్టబోతే, సోని ఇటు తిరగకుండానే, "గట్టిగ," అన్నది.