తోక బరువు

ఏవిస్, లోర్నా అక్కచెల్లెళ్లు. మా కారవాన్ పార్కు గేటు దగ్గరికి వాళ్లు జూన్ నెలలో ఒక మధ్యాహ్నం నత్తనడకన వచ్చారు. వాళ్ల వెనక మూడు పెద్ద లారీలు, వాటి వెనక పదో పన్నెండో కార్లు బారు తీరి ఉన్నాయి. వీళ్లు పక్కకు తిరగ్గానే మొదటి లారీ డ్రైవరు హారన్ గట్టిగా మోగించి మరీ వెళ్లాడు.

నా పేరు క్లెమ్. పోర్ట్ ఆగస్టాలో, కారు వెనక చక్రాల ఇల్లు తగిలించుకుని తిరిగేవాళ్లు ఆగే ఆ పార్కును పదకొండేళ్లు చూసుకున్నాను. గడ్డి కోయడం, కుళాయిలు బాగుచెయ్యడం, వచ్చినవాళ్లకు చోటు చూపించడం నా పని. పడమటికి పోయే రోడ్డు మా గేటు ముందు నుంచే వెళ్తుంది కాబట్టి రకరకాల మనుషుల్ని చూశాను. కానీ చేతులు స్టీరింగుకు అంటుకుపోయినట్టు కూర్చుండిపోయిన డెబ్భై ఒక్కేళ్ల మనిషిని చూడడం అదే మొదలు.

ఏవిస్ కాసేపటికి దిగింది. కారు తలుపైనా వెయ్యకుండా నాతో అంది.

"ఈ కొక్కెం పనికిమాలింది. ఇక్కడ ఇంకొకటి దొరుకుతుందా?"

"ఏమైందండీ?"

"తోక ఊపుతోంది. తొంభై దాటామా, వెనక కారవాన్ అటూ ఇటూ కొట్టుకుంటోంది. దానితోపాటు మా కారూ. ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపాను నేను. ఒక్క పిల్లకి మోచెయ్యి గీసుకోలేదు. ఇవాళ మాత్రం దేవుడికి దణ్ణాలు పెట్టుకుంటూ వచ్చాను."

"దణ్ణాలు నేను పెట్టాను. అక్క తిట్లు తిట్టింది," అంది లోర్నా అవతలి వైపు నుంచి దిగుతూ. ఆవిడకు అరవై ఏడు. మూంటా ఊళ్లో తపాలా కార్యాలయంలో ఉత్తరాలు వేరుచేసే పని చేసి రిటైరైంది. ఎవరికీ అర్థం కాని చేతిరాతలు ఆవిడ బల్ల మీదికే వచ్చేవట.

తిమింగలాలు చూడ్డానికి ఫౌలర్స్ బే దాకా పోవాలని బయల్దేరారు. వాళ్లకిదే మొదటి ప్రయాణం. కారవాన్‌ను ఆ పొద్దునే పోర్ట్ పిరీలో క్రెయిగ్ అనే ఒకాయన దగ్గర కొన్నారు. అది ఆయన మామగారిదట. మామగారు కిందటి ఏడు పోయారు.

నేను కొక్కెం చూశాను. కారు వెనక ఇనప బంతి, కారవాన్ ముక్కున దాని మీద బోర్లించే గిన్నె. రెండూ ఒకే కొలత. గిన్నె బంతిని గట్టిగానే పట్టుకుని ఉంది. గొలుసులు రెండూ ఉన్నాయి. లైట్ల ప్లగ్గు సరిగ్గా ఉంది. తప్పు పట్టడానికేమీ లేదు. గిన్నెను విడిపించి, ముక్కు కిందుండే చిన్న చక్రం మీద కారవాన్‌ను నిలబెట్టి, ఊరికే చెయ్యేసి పైకెత్తి చూశాను. ముక్కు లేచింది. మంచినీళ్ల బిందెను ఎత్తినట్టు లేచింది.

"ఇది లేవకూడదే," అన్నాను.

"లేస్తే మంచిదేగా, తేలిగ్గా ఉంది," అంది ఏవిస్.

"ముక్కు తేలికైతే తోక బరువని అర్థం. మొత్తం బరువులో పదోవంతు బంతి మీద పడాలి. మీది పదిహేను వందల కిలోలనుకోండి, ఇక్కడ నూటయాభై ఉండాలి. నా చేతికి అంత తగల్లేదు."

లోర్నా లోపలికి వెళ్లి, ఒళ్లు బరువు చూసుకునే త్రాసు పట్టుకొచ్చింది. ప్రయాణంలో దాన్ని ఎందుకు తెచ్చావని నేను అడగలేదు. ఏవిస్ మాత్రం అడిగింది. దాని మీద చెక్కముక్క నిలబెట్టి, ముక్కును దాని మీదికి దించాం. యాభై కిలోలు చూపించింది.

వెనకాల ఉన్నవన్నీ ముందుకు మార్చాం. నీళ్ల డబ్బాలు, మడతకుర్చీలు, సీసాల్లో జాము. మళ్లీ తూచాం. ఓ అరడజను కిలోలు మాత్రమే పెరిగింది.

ఇంతలో బెవన్ వచ్చాడు. బెవన్ మా పార్కులో శాశ్వతంగా ఉండే మనిషి, మాజీ లారీ డ్రైవరు. ఎవరి బండి ఆగినా చేతిలో టీ కప్పుతో వచ్చి సలహా ఇవ్వకపోతే ఆయనకు అన్నం అరగదు.

"వెనక ఇరుసు వంగిపోయుంటుంది," అన్నాడు.

"ఇరుసు వంగితే బరువు పెరుగుతుందా, బెవన్?"

"పెరగదు. మాటవరసకన్నాను."

లోర్నా మా మాటలు వినడం లేదు. లోపల మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, వైద్యుడు రోగి వీపు మీద కొట్టి చూసినట్టు, మంచం కింది చెక్కను వేళ్లతో తడుతూ జరుగుతోంది. కొంతదూరం డొల్లగా మోగింది. తర్వాత చప్పుడు చచ్చిపోయింది.

"ఇక్కడ ఏదో ఉంది," అంది. "ఈ పలకకి స్క్రూలు వేరు. మిగతావన్నీ తుప్పు పట్టాయి, ఇవి పట్టలేదు. ఎవరో వీటిని మాటిమాటికీ తీసి బిగించేవాళ్లు."

"నువ్వు తపాలాఫీసులో కాదు, పోలీసుల్లో ఉండాల్సింది," అంది ఏవిస్. అంటూనే స్క్రూడ్రైవరు కోసం కారులో వెతికింది.

పలక ఊడదీశాను. దాని వెనక చెక్క సొరుగులు ఉన్నాయి, పలచగా, వెడల్పుగా, ఒకదాని మీద ఒకటి పదకొండు. బండి కుదుపులకు జారిపోకుండా పలకతో మూసినట్టున్నారు. పై సొరుగు లాగబోయాను. రాలేదు. బెవన్ టీ కప్పు కింద పెట్టాల్సివచ్చింది. ఇద్దరం కలిసి లాగితే వచ్చింది.

లోపల చిన్న చిన్న గదులు. ప్రతి గదిలో నల్లటి లోహపు పుల్లలు, అగ్గిపుల్లంత పొడుగున. లోర్నా ఒకటి తీసి వెలుతురులో తిప్పి చూసింది.

"అక్షరం," అంది. "జి. తిరగబడి ఉంది."

అచ్చుకు పేర్చే సీసం అక్షరాలు. పదకొండు సొరుగుల నిండా సీసం. నూటఇరవై కిలోలు ఉంటుందని తర్వాత తూచినప్పుడు తేలింది. ఇంతసేపూ అక్కచెల్లెళ్లు ఒక అచ్చాఫీసును తోకకు కట్టుకుని లాక్కొచ్చారు.

"అయితే ఆ ముసలాయన దీన్ని ఎలా లాగాడు?" అంది ఏవిస్. డ్రైవరు బుర్ర కదా, సరిగ్గా అక్కడికే పోయింది. "ఆయన బండీ ఊగాలిగా."

నాకూ అదే సందేహం. కారవాన్ ముక్కు దగ్గర సామాను పెట్టె ఉంటుంది, అది తెరిచి చూశాను. ఖాళీ. కానీ అడుగున మందపాటి ఇనప రేకు వేసి ఉంది. దానికి నాలుగు బోల్టు కన్నాలు, వాటి మధ్య నూనె మరక, నలుపలకలుగా.

"ఇక్కడ కూడా ఏదో ఉండేది. బరువైనదే. దాన్ని తీసేశారు. తోక బరువు మాత్రం అలాగే మిగిలిపోయింది."

లోర్నా అప్పటికే క్రెయిగ్‌కు ఫోను చేస్తోంది. మేమందరం వినేలా చప్పుడు పెంచింది.

"ముందు పెట్టెలోదా?" అన్నాడు క్రెయిగ్. "అదేదో పాత ఇనప మిషను. నడ్డి విరిగింది దించేసరికి. షెడ్డులో పడుంది. పారేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. ఎందుకండీ?"

"వెనకాల అక్షరాలున్నాయి," అంది లోర్నా. "సొరుగుల నిండా."

అవతల ఫోను చేతులు మారింది. ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"నేను రెనాటాని, క్రెయిగ్ భార్యని. ఎర్విన్ కూతుర్ని. ఆ అక్షరాలు నాన్న కరిగించేశానన్నారే?"

ఎర్విన్ ఒక చిన్న ఊరి వారపత్రికలో నలభై ఏళ్లు అక్షరాలు పేర్చాడట. పత్రిక మూతపడ్డప్పుడు యజమాని ఆ అక్షరాలు ఆయన్నే తీసుకుపొమ్మన్నాడు. ఇంట్లో చోటెక్కడిదని భార్య గొడవ చేస్తే, కరిగించి చేపల గేలాలకు బరువులు చేసేశానని చెప్పాడు. భార్య పోయాక ప్రతి చలికాలం ఒంటరిగా కారవాన్ కట్టుకుని రెండు నెలలు పోయేవాడు. చేపలకని చెప్పేవాడు.

"ఒక్క చేప తెచ్చింది లేదు," అంది రెనాటా. "మేం నవ్వుకునేవాళ్లం."

"మరి ఇవన్నీ మోసుకుపోయి ఏం చేసేవారు?" అని అడిగింది లోర్నా.

"తెలీదు," అంది ఆవిడ. తర్వాత, "రేపు వస్తాను. మిషను కూడా తెస్తాను. నేను వచ్చేదాకా వెళ్లకండి," అంది.

ఫోను పెట్టేశాక ఏవిస్ అంది. "చూడు, రేపు మనం బయల్దేరాలి. తిమింగలాలు మనకోసం ఆగవు."

"సెప్టెంబరు దాకా ఉంటాయి అక్కా."

"ఉంటాయనుకో."

అప్పటికి లోర్నా చివరి సొరుగు దాకా వచ్చింది. అందులో గదులు లేవు. ఒక వారగా, పురికొసతో నాలుగు వైపులా బిగించి కట్టిన అక్షరాల దిమ్మ ఒకటి ఉంది, అరచేతి అంత. పేర్చి, విప్పకుండా వదిలేసింది. ఏవిస్ తన పౌడరు డబ్బా అద్దం తీసిచ్చింది. ఏ మాటకామాట, అప్పటికి ఆవిడకీ కుతూహలం ముదిరింది. లోర్నా అద్దం పట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది.

"ఈ పూట. గాలి దక్షిణం నుంచి, టోపీలు జాగ్రత్త. ఆడవాళ్ల స్నానాల గదిలో ఎడమ కుళాయికి వేడినీళ్లు తెచ్చే తొందర లేదు, కుడిదాన్ని ఆశ్రయించండి. మూడో నంబరు వారి కుక్క నిన్న రెండుసార్లు ఈదింది, యజమాని ఒకసారీ ఈదలేదు. సాసేజీలు మిగిలాయి, మొహమాటపడకుండా రండి."

బెవన్ ముఖం చూడాల్సిందే. కప్పు తీసుకున్నవాడు తీసుకున్నట్టే మళ్లీ కింద పెట్టాడు.

"ఈ కాగితం నాకు తెలుసు," అన్నాడు. "ఇది కాదు, ఇలాంటిది. నాలుగేళ్ల కిందట ఫౌలర్స్ బేలో. పొద్దున్నే మరుగుదొడ్ల తలుపు మీద అంటించి ఉండేది. రోజుకొకటి. ఎవరు అంటిస్తున్నారో ఎవరికీ తెలీదు. నా గురించి కూడా వేశాడు. 'ఏడో నంబరు పెద్దమనిషి గురకకు పడవలు ఒడ్డు తెలుసుకుని వస్తున్నాయి' అని."

ఏవిస్ నవ్వు ఆపుకోలేకపోయింది.

"నవ్వకమ్మా. పార్కు మేనేజరే రాశాడనుకుని వాడితో కొట్లాడి వచ్చేశాను. పాపం, వాడు బైబిలు మీద ఒట్టేశాడు."

"ముసలాయన ఎలా ఉండేవాడో గుర్తుందా?" అని అడిగాను.

బెవన్ చెప్పాడు. "ఒకాయన ఉండేవాడు. మాంసం సాసేజీలు కాల్చి అందరికీ పెట్టేవాడు. పెద్దగా మాట్లాడేవాడు కాదు. నేనూ తిన్నాను. పేరు అడగలేదు."

మర్నాడు తొమ్మిదింటికల్లా రెనాటా వచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంది. కారు డిక్కీలో దుప్పటి చుట్టి ఆ మిషను ఉంది. చేత్తో నొక్కే చిన్న అచ్చుయంత్రం, అరవై కిలోల పోత ఇనుము. ఆవిడ ముందు దాన్ని దించనివ్వలేదు. సొరుగులు చూపించమంది. చూసింది. లోర్నా అద్దం ఇచ్చి ఆ దిమ్మ చదివించింది. చదివి, కారవాన్ మెట్టు మీద కూర్చుంది. లోర్నా ఆవిడ చేతిలో మాంసం, బంగాళాదుంప కూరి కాల్చిన వేడి పాస్టీ ఒకటి పెట్టింది. మూంటావాళ్లకు పుట్టినా పోయినా అదే మందు. బెవన్ వచ్చి గురక సంగతి ఈసారి తనే చెప్పాడు. రెనాటా పాస్టీ నములుతూనే నవ్వింది, ముక్కు తుడుచుకుంది.

"ఇంట్లో ఆయన పదిమాటలు మాట్లాడితే ఎక్కువ," అంది. "ఇంత వేళాకోళం మనిషని నాకు తెలీదు."

"ఇవన్నీ మీవే, తీసుకుపోండి," అంది ఏవిస్. "మేం కొన్నది కారవాన్. అచ్చాఫీసు కాదు."

రెనాటా అక్షరాల వంక, లోర్నా ముఖం వంక చూసింది. జి అక్షరం ఇంకా లోర్నా గుప్పిట్లోనే ఉంది.

"మా ఇంట్లో షెడ్డులో పడుంటాయి," అంది రెనాటా. "మీ దగ్గరుంటే ఊళ్లు తిరుగుతాయి. కాకపోతే, ఎలా అచ్చు వెయ్యాలో మీకు తెలీదుగా. చిన్నప్పుడు నాన్న దగ్గర సిరా పుయ్యడం నేర్చుకున్నాను."

ఇక బరువు సంగతి చూడాలి. రెండు కొసలా రెండు బరువులు పెట్టి లాగడం మంచిది కాదని చెప్పాను. త్రాసుకు సరిపోయినా, ఒకసారి ఊగడం మొదలైతే ఆగదు. ఎర్విన్ గంటకు ఎనభై కిలోమీటర్లు దాటేవాడు కాదని రెనాటా చెప్పింది, అందుకే బతికాడు. సొరుగులన్నీ వెనకనుంచి తీసి, ఇరుసుకు సరిగ్గా పైన, భోజనం బల్ల కింద పేర్చి పట్టీలతో బిగించాం. త్రాసు నూటపది దాటింది. మిషనును పాత బోల్టు కన్నాల్లోనే నిలబెట్టి బిగించాం. త్రాసు కిర్రుమంది. నూటయాభై అయిదు.

తర్వాత తగిలించడం. ఏవిస్ కారు వెనక్కి తెచ్చింది. లోర్నా కారవాన్ పక్కన నిలబడి చేతులతో సైగలు చేసింది. మొదటిసారి జానెడు ఎడమకు పోయింది.

"నీ ఎడమా, నా ఎడమా?"

"అద్దంలో ఎడమ."

"లోర్నా, మనుషుల భాషలో చెప్పు."

రెండోసారి బంతి సరిగ్గా గిన్నె కిందికి వచ్చి ఆగింది. చిన్న చక్రం పిడి తిప్పి ముక్కును దించాను. టక్కుమని పట్టుకుంది. పట్టుకుందో లేదో చూడ్డానికి మళ్లీ పిడి పైకి తిప్పితే కారు వెనకభాగం కూడా లేచింది. అలా లేస్తేనే నమ్మాలి. గొలుసులు రెండూ కింద అడ్డంగా మార్చి తగిలించాను. లైట్లు రెనాటా చూసింది. చిన్న చక్రం తీసి లోపల పెట్టాం.

"కింబా దాకా మీ వెనకే వస్తాను," అంది రెనాటా. "ఊగితే ఫోను చేస్తాను." కింబా మాకు నూటయాభై కిలోమీటర్లు. అక్కడినుంచి వెనక్కి తిరిగితే సాయంత్రానికి ఇల్లు చేరుతుంది.

బెవన్, నేను గేటు దగ్గర నిలబడి చూశాం. కారవాన్ ముక్కు ఈసారి ఎగరలేదు. రోడ్డెక్కి నింపాదిగా వెళ్లింది. దాని వెనక రెనాటా తెల్లకారు.

ఆ రాత్రి క్రెయిగ్ నాకు ఫోను చేశాడు. మా ఆవిడ మీ పార్కులో ఉందా అని. లేదన్నాను. కాసేపటికి ఆయనే మళ్లీ చేసి, దొరికిందిలే, కింబాకి చాలా అవతల సెడూనాలో ఉందట, రేపు వస్తానంటోంది అన్నాడు. మర్నాడూ రాలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం రెనాటా మా ఆఫీసు ముందు కారు ఆపింది. ముక్కు ఎండకు కమిలిపోయి ఉంది. గోళ్లలో నల్లటి సిరా. ఫౌలర్స్ బేలో తలుపు మీద అంటించే కాగితానికి ఎనిమిది వాక్యాలు పేర్చడానికి ముగ్గురికీ రెండు పూటలు పట్టిందట. ఏవిస్ ఓపిక చాలక తిట్టి, తర్వాత తనే తప్పులు పట్టడం మొదలెట్టిందట. తిమింగలాలు ఆరు కనిపించాయట, ఒక పిల్లతో సహా.

"బండి ఊగిందా?" అని అడిగాను.

"కింబా దాకా కళ్లు ఆర్పకుండా చూశాను. ఊగలేదు," అంది. "ఆ తర్వాత చూడ్డం మానేశాను, క్లెమ్. ఊరికే వాళ్లతోపాటు వెళ్లాను."

టీ ఇచ్చాను. నిలబడే తాగేసి, క్రెయిగ్‌కు అన్నం తనే వండుకోవడం రాదని చెప్పి, పిరీ వైపు వెళ్లిపోయింది.